పిట్టగూళ్లు

"తాతా, గూళ్లు లెక్కబెడతాండావా?" అంటూ ఓబులేష్ చంకకర్రలు పక్కన పెట్టి నా దగ్గర కూర్చున్నాడు.

అనంతపురంలో కొత్తగా లేచిన పద్నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంటు అది. బయటి గోడల నిండా పిట్టగూళ్లే. గోడల్లో పిచ్చుకలు కాపురముంటే కరువుసీమలో కూడా వాన తప్పదని, బెంగుళూరు నుంచి వచ్చిన డిజైనరమ్మకు కోతలు కోసింది నేనే. అప్పుడు ఆ స్థలానికి కాపలా ఉండేవాణ్ణి. ఆమె నమ్మి, గోడల నిండా పిచ్చుకలకు గూళ్లు పెట్టించింది. ఆ గూళ్లకు సిమెంటు పూస్తూ మూడో అంతస్తు నుంచి పడినాడు ఓబులేష్.

"ఓబులేషూ, ఆ వాన మాట నేను సరదాకి పుట్టించిందిరా."

"తెలుసులే. నువ్వు చెప్పేటప్పుడు పక్కనే ఉండి నవ్వినోణ్ణి నేనే కదా."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"నా పెండ్లాం హేమలతకు మాత్రం చెప్పాకు తాతా. నా కాలు వాన కోసం పోయిందని నమ్ముకోని ఉండాది."

అంతలో హేమలతే వచ్చింది. గూళ్ల కింద గుప్పెడు కొర్రలు చల్లి, పైకి చూసింది.

"పిచ్చుకలు వస్తాయా తాతా?"

ఊరంతా నవ్వేటట్టు కోతలు కోసిన నోరు నాది. ఆ పొద్దు "వస్తాయమ్మా" అనే ముందు ఆమెనే గుక్కెడు నీళ్లు అడిగినాను.