చెవి కొలత

“నీ కుడి చెవికీ ఎడమ చెవికీ పొంతనే లేదమ్మాయ్,” అంది అత్త, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని కోడలి చెవుల్లోకి తొంగి చూస్తూ.

ఆవిడ నలభై ఏళ్లుగా దర్జీ. మనిషిని చూడగానే మొహం కంటే ముందు కొలతలు గుర్తుకొస్తాయి ఆవిడకి. కోడలు సిటీ బస్సులో కండక్టరు. మర్నాడు సాయంత్రం డిపో వార్షికోత్సవంలో పాటల పోటీ. పాడేవాళ్లందరికీ మైకుసెట్టతను ముందుగానే ఇయర్‌ఫోన్లు పంచాడు. నడుముకి ఓ చిన్న పెట్టె తగిలించుకుని, దాని తీగ చెవుల్లో పెట్టుకుంటే వేదిక మీద ఎవరి గొంతు వారికి చక్కగా వినిపిస్తుందట. పెట్టెలు మాత్రం పోటీ రోజునే ఇస్తానన్నాడు.

కోడలికి కావలసింది సరిగ్గా అదే. ఇంట్లో పని చేసుకుంటూ పాడితే పక్కింటివాళ్లు టీవీ సౌండు తగ్గించి మరీ వింటారు. వేదికెక్కి వాద్యాల మోత మొదలయ్యేసరికి మాత్రం తన గొంతు తనకే వినపడక వరసగా రెండేళ్లు శ్రుతి తప్పింది. ఆమె బస్సు డ్రైవరు సరదాకి ‘అపశ్రుతి’ అన్నాడు. డిపో మొత్తానికి అదే ఆమె పేరైపోయింది. ఈసారీ తప్పితే ఇక జన్మలో పాడనని ఒట్టు పెట్టుకుంది. ఆ మాట వినగానే అత్త గుండె కలుక్కుమంది. కోడలి పాట లేకపోతే ఆవిడకి కుట్టుమిషను తొక్కబుద్ధి కాదు మరి.

తీరా ఇయర్‌ఫోన్లు ఫోనుకి తగిలించి చూస్తే పాట రేకు డబ్బాలో ఈగ తిరుగుతున్నట్టు పీలగా ఉంది. తల తిప్పితే చాలు, కుడివైపుది ఊడి భుజం మీద పడుతోంది. మైకుసెట్టతనికి ఫోన్ చేస్తే సౌండు పెంచుకోమన్నాడు. పెంచితే చెవులు నొప్పెట్టాయి గానీ పాట బాగుపడలేదు.

“చొక్కా వదులైతే కుట్టు విప్పి సరిచేస్తాం. గట్టిగా అరిస్తే సరిపోతుందా?” అంటూ అత్త, ఇయర్‌ఫోన్లతో పాటు వచ్చిన రబ్బరు తొడుగులన్నీ బల్ల మీద పరిచింది.

“రెండు చెవులకీ ఒకే సైజు కదత్తయ్యా పెట్టాల్సింది?”

“ఎవరు చెప్పారు? రెండు భుజాలూ ఒక్కలా ఉన్న మనిషిని నేనింతవరకూ చూళ్లేదు. చెవులు మాత్రం ఎందుకుంటాయి?”

ఒక్కో తొడుగూ మార్చి మార్చి చూసింది. కుడి చెవికి పెద్దది, ఎడమ చెవికి చిన్నది కుదిరాయి. ఊరికే గుచ్చితే నిలవదని, తల మీదుగా రెండో చెయ్యి పోనిచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి పట్టుకోమంది. నోరు కాస్త తెరవమంది. మెల్లగా తిప్పుతూ లోపలికి పెట్టాక చెవి వదిలేయమంది. బరువుకి జారకుండా తీగని చెవి వెనకనుంచి తిప్పింది.

వీధిలో మోటారు సైకిళ్ల రొద తలుపేసినట్టు ఆగిపోయింది. పాట పెడితే, ఇన్నాళ్లూ వినపడని డప్పుల దరువు కడుపులోంచి వస్తున్నట్టుంది. ఆ సంబరంలో తీగ ఫోన్నుంచి పీకేసి, ఇయర్‌ఫోన్లు చెవుల్లో ఉండగానే కూనిరాగం తీసింది కోడలు. తన గొంతు తల నిండా మోగింది. అత్తని గట్టిగా వాటేసుకుంది.

అంతటితో ఊరుకుంటే ఆవిడ అత్త ఎందుకవుతుంది? పెట్టె వేలాడితే తీగ లాగేస్తుందని దానికో గుడ్డసంచి కుట్టడానికి కూర్చుంది. పెట్టె ఇంకా చేతికి రాలేదు కాబట్టి దాని సైజు మైకుసెట్టతన్నే అడిగి, అంతే ఉన్న తన సుద్దముక్కల డబ్బాని లోపల పెట్టి కొలత సరిచూసుకుంది. ఆ సంచిని కోడలి యూనిఫారం చొక్కా లోపల, నడుము దగ్గర కుట్టేసింది.

పోటీలో కోడలిది ఏడో పేరు. మైకుసెట్టతను పెట్టె తెచ్చి అత్త చేతిలో పెట్టి, పచ్చ లైటు వెలుగుతోందని చూపించి వెళ్లాడు. ఆవిడ దాన్ని పక్క కుర్చీ మీద పెట్టి, కోడలి చెవుల పని ముగించేలోపే, గొంతు పట్టేసిందని ఒకతను తప్పుకున్నాడు. తర్వాత పాడాల్సిన ఇద్దరూ ఇంకా డ్యూటీ దిగలేదు. కోడలి పేరు పిలిచేశారు. అత్త కంగారుగా తీగ కొసని సంచిలోకి దోపి, పైన నాలుగు కుట్లు వేసి, ఓసారి తడిమి చూసింది. గట్టిగానే తగిలింది.

“వెళ్లమ్మాయ్. ఎక్కడా వదుల్లేదు.”

వేదిక మీద వాద్యాలు మొదలయ్యాయి. అవి పక్కింట్లో మోగుతున్నంత దూరంగా ఉన్నాయి. తన గొంతు మాత్రం నెత్తి లోపల నుంచి, ప్రతి గమకం విడివిడిగా వినిపించింది. ఇక వెనకాడలేదు. మొదటి చరణానికే కబుర్లాడుతున్నవాళ్లు నోళ్లు మూసేశారు. రెండో చరణంలో ఎప్పుడూ జారిపోయే చోట నిలబడి, పైస్థాయి అందుకుని, అక్కడే కాసేపు ఆడుకుని దిగింది. డిపో మేనేజరు లేచి నిలబడ్డాడు. మళ్లీ పాడమని హాలంతా గోల పెట్టింది. మొదటి బహుమతి కోడలిదే. బస్సు డ్రైవరు వచ్చి, పేరు పెట్టింది తనే కాబట్టి తీసేయాల్సిందీ తనేనని, అందరి ముందూ చెంపలేసుకున్నాడు. కోడలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

“మధ్యలో మీ గొంతు కాస్త పెంచానమ్మా, గమనించారా?” అన్నాడు మైకుసెట్టతను, కాలరు సర్దుకుంటూ.

“గమనించకేం! మీ పెట్టె లేకపోతే ఈ రోజు నేను లేనండీ.”

“అంతా దాని మహిమే లెండి. ఇక ఇచ్చేస్తే మిగతావాటితో కలిపి సర్దేసుకుంటాను.”

అత్త గర్వంగా ముందుకొచ్చి, కుట్లు కత్తిరించి, సంచిలో చెయ్యి పెట్టింది.

చేతికొచ్చింది సుద్దముక్కల డబ్బా.