సాయిలు వచ్చే దారి

సమ్మక్కకు మొగడు ఇంటికి వచ్చుడు ఇష్టం లేదని వెంకటేశానికి మూడో వారానికే అనుమానం వచ్చింది.

వెంకటేశానిది కోరుట్ల బస్టాండు ఎదురుంగ గల్ఫ్ టికెట్ల దుకాణం. తొంబై ఒకటి జనవరిల అటుదిక్కు లడాయి షురువైనంక ఈగలు తప్ప ఆ గడప తొక్కినోళ్లు లేరు. ఇయ్యాల ఉన్న విమానం రేపు ఉంటలేదు. సెలవు దొరికి చుట్టీ మీద ఇంటికొచ్చినోళ్లు తిరిగి పోతలేరు, చుట్టీ దొరికినోళ్లు ఇటు రాలేక అక్కడనే కూసున్నరు. గసొంటి దినాలల్ల వారం వారం అంగడి నాడు కథలాపూర్ నుంచి బస్సెక్కి వచ్చేది సమ్మక్క ఒక్కతే.

ఆమె మొగడు సాయిలు సౌదీకి పోయి రెండేండ్లయింది. ఎవరో బొంబాయి ఏజెంటు పంపిండట. ఇప్పుడు రెండు నెలల చుట్టీ దొరికిందని, భయం లేకుండ ఇల్లు చేరే దారి చెప్పుమని ఆమె అడిగేది.

వెంకటేశం గోడ మీది పటంల వేలు పెట్టి చూపెట్టేటోడు. దమ్మాం నుంచి సీదా బొంబాయికి అంటే, బాంబుల నడుమకెల్లి ఎట్లొస్తడని వద్దన్నది. జిద్దా మీదికెల్లి అంటే, శాన దూరమన్నది. దుబాయి మీదికెల్లి తిరువనంతపురం అంటే, అక్కడ తనిఖీ ఎట్లుంటదని అడిగింది. మనిషి మొఖం బొంబాయిల ఎక్కువ చూస్తరా, మద్రాసుల ఎక్కువ చూస్తరా, ఎయిర్‌పోర్టు దాంక రోడ్డు మీద పోలీసులు బస్సులు ఏడేడ ఆపుతరు, అన్నీ అడిగింది. సాయిలు బంగారం బిస్కెట్లు తెస్తున్నడేమో అనుకోని, వెంకటేశం తెలిసిందంత చెప్పిండు. చెప్పింది చీటీ మీద రాయించుకోని కొంగున ముడేసుకపోయేది. మళ్ల అంగడికొచ్చి, ఆ దారి వద్దు, ఇంకోటి చూడుమనేది.

మొగడు రావాలె అనుకునే ఆడది ఆఖరుకు ఏదో ఒక దారికి ఒప్పుకుంటది. ఈమె ఒప్పుకుంటలేదు.

ఒకనాడు అంగట్ల, సిరిసిల్ల నుంచి బట్టల మూట తెచ్చుకున్నాయన కాడ సమ్మక్క లుంగీ బేరం చేస్తుంటే వెంకటేశం చూసిండు. మళ్ల వారం కిరాణా కొట్టుల గడ్డం గీసుకునే బ్లేడ్లు కొన్నది. ఆమె ఇంట్ల ఉన్నది ముసలి అత్త నాగవ్వ ఒక్కతే. నాగవ్వ లుంగీ కట్టదు, గడ్డం గీసుకోదు.

వెంకటేశానికి కడుపు మండింది. అక్కడ సాయిలు ఎండల ఇటుకలు మోస్తుంటే, ఇక్కడ ఇంట్ల ఎవడో కాలు మీద కాలేసుకోని కూసున్నడు. నోటిదాంక వచ్చిన మాట మింగిండు. తనకూ ఇద్దరు చెల్లెండ్లున్నరు.

ఫిబ్రవరి ఆఖరుకు జగిత్యాల నుంచి ఎస్సై వచ్చిండు. మందుపాతరల భయానికి జీపు ఇడిసిపెట్టి, మామూలు బట్టలల్ల స్కూటర్ మీద వచ్చిండు. జేబులకెల్లి ఒక చీటీ తీసి బల్ల మీద పెట్టిండు. సాయిలు సౌదీల లేడని, అన్నల దళంల తిరుగుతున్నడని, లొంగిపోయినోడొకడు చెప్పిండట. దసరా ముంగట కాలుకు తూటా తగిలి, ఎవరి ఇంట్లనో దాసుకున్నడట. పెండ్లాన్ని స్టేషన్‌కు పిలిస్తే, మొగడు వచ్చే దారి కోసం తిరుగుతున్ననని ఏడ్సుకుంట ఈ చీటీ చూపెట్టిందట.

"ఈ రాత నీదేనా?"

"నాదే సార్. ఆరు వారాల సంది నా పానం తీస్తున్నది. నేను చెప్పిన దారి ఒక్కటీ ఆమెకు నచ్చుతలేదు."

ఎస్సై చీటీని ఇటు తిప్పి అటు తిప్పి చూసిండు. "ఆమె ఇంట్ల మొగోడెవడన్న ఉంటున్నడా?"

అబద్ధం చెప్పినోళ్లు స్టేషన్ నుంచి ఎట్ల నడుసుకుంట వచ్చేటోళ్లో కోరుట్లల అందరికి ఎరుకే. నిజం చెప్తే మాత్రం పోలీసులు పోయి, ఊరంత చూస్తుంటే ఆ ఇంట్లకెల్లి ఎవణ్నో గుంజుకొస్తరు. ఆడిబిడ్డ పరువు బజార్ల పడుతది. సాయిలుకు తెలిస్తే ఆడనే ఉరేసుకుంటడు.

"ముసలి అత్త తప్ప ఎవ్వలు లేరు సార్. నాకు బాగ ఎరుక."

ఎస్సై ఇంకో రెండు మాటలు అడిగి, మడత పెట్టిన లిస్టు తీసి, ఒక పేరు మీద గీత కొట్టిండు. సౌదీల ఉన్నోడు అడివిల ఎట్లుంటడని గొణుక్కుంట స్కూటర్ ఎక్కిండు. వెంకటేశం రెండు చెంబుల నీళ్లు తాగిండు.

మళ్ల అంగడి వరకు లడాయి ఆగిపోయిందని రేడియోల చెప్పిండ్రు. సమ్మక్క వచ్చింది. వెంకటేశం ఎన్నడు లేంది ఆమెను కుర్చీల కూసోబెట్టిండు. ఎస్సై వచ్చిన సంగతి చెప్పిండు. లుంగీ సంగతి, బ్లేడ్ల సంగతి తను చూసిననని, అయినా కడుపుల దాసుకున్ననని చెప్పిండు.

"నీ పరువు కాపాడెటందుకు ఎస్సై ముంగట అబద్ధమాడిన చెల్లె. ఇంట్ల ఉన్నోణ్ని ఇకనన్న పంపియ్యి."

సమ్మక్క కొంగుతోని కండ్లు తుడుసుకున్నది.

"పంపెటందుకే వచ్చిన అన్నా," అన్నది. "ఇటుకెల్లి అటు పోయే టికెట్ ఒకటి కొట్టు. ఏ దేశమైనా సరే."

రొండిన దోపుకున్న పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టింది. వెంకటేశం పేరు చదివిండు. ఫొటో చూసిండు. రెండేండ్ల కింద తీసిన పాస్‌పోర్టు. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాంక తిప్పిండు. ఒక్క ముద్ర లేదు.

"సాయిలు ఇంతవరకు ఇమానం ఎక్కలే అన్నా," అన్నది సమ్మక్క. "కిటికి పక్క సీటు ఇయ్యి."