పదకొండు ఒకట్లు

“ఇవాళ తేలిపోవాలి. ఈ ఇంట్లో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి!”

మెడలో వేలాడుతున్న టేపును లాగి బల్ల మీద కొట్టింది దర్జీ. మొగుడు తలెత్తలేదు. కళ్ళద్దాల దుకాణం నుంచి వచ్చి చొక్కా అయినా మార్చకుండా, ఆమె కత్తిరింపులకు తెచ్చుకున్న కాగితం మీద భాగహారాలు చేస్తున్నాడు. ఊరందరి చూపూ సరిచేసే మనిషికి, కొత్త జాకెట్టు కుట్టుకుని ఎదురుగా నిలబడ్డ పెళ్ళాం కంటికి ఆనలేదు.

“అదీ ఇదీ అనకే. పదకొండు ఒకట్లు! వెయ్యి కోట్ల పైమాట. ఎంత తీరుగా నిలబడిందో చూడు. రెండు, మూడు, ఏడు... తొమ్మిది వేల దాకా అన్నీ ప్రయత్నించాను. ఒక్కటీ దాన్ని శేషం లేకుండా భాగించలేకపోయింది. ఎవరికీ లొంగదే!”

“నేను మాత్రం మీకు తప్ప ఇంకెవరికి లొంగాను?”

ఆ మాట ఆయన చెవిన పడలేదు. లక్ష దాటేవరకూ చూస్తే గానీ తేలదట. కంప్యూటర్ని అడిగితే క్షణంలో చెబుతుంది. అడగడు. ప్రేమలేఖ ఇంకొకడి చేత రాయించుకున్నట్టు ఉంటుందట! ఆ ముక్కకి ఆమె ఒళ్ళు భగ్గున మండింది. పెళ్ళయ్యాక తనకు ఒక్క ఉత్తరమైనా రాశాడా?

వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, కంప్యూటర్ల ఆఫీసులో పనిచేసే చెల్లెలికి ఫోను చేసింది.

“పదకొండు ఒకట్లు కొట్టి, దాన్ని ఏది భాగిస్తుందో చూడవే.”

కాసేపటికి జవాబు వచ్చింది. “దొరికిందక్కా. కానీ చెప్పకు, బావగారు ఏడుస్తారు.”

“ఏడవనీ. నేనేడవడం లేదూ?”

వచ్చి ఆయన ఎదుట నిలబడింది. “ఇరవై ఒక్క వేల ఆరువందల నలభై తొమ్మిదితో భాగించండి.”

ఆయన వింతగా చూసి, పెన్సిలు అందుకున్నాడు. ఒక్కొక్క అంకె దించుతుంటే ఆమె కాగితం మీదికి వంగింది. చివరికి అడుగున సున్నా మిగిలింది.

పీడా పోయింది! ఎవరికీ లొంగని మహాతల్లి బండారం బయటపడింది. గెలిచానన్న సంతోషంలో పొయ్యి మీద పాలు పొంగుతున్నా వెళ్ళలేదామె. ఆయన మాత్రం కళ్ళద్దాలు తీసి, చేతుల్లో మొహం దాచుకున్నాడు. చూసి ఆమె మనసు కాస్త కరిగింది.

“పోనీలెండి,” అంటూ భుజం మీద చెయ్యి వేసింది. “సవతి పోరు నాకు తీరింది, భాగహారాల బాధ మీకు తీరింది. లేవండి, అలా బయటికి వెళ్ళొద్దాం.”

ఆయన తలెత్తాడు. కళ్ళు మెరిసిపోతున్నాయి.

“ఒక్కతే అనుకున్నానే! లోపల ఇద్దరున్నారు. నువ్వు చెప్పింది ఒకతి. ఇదిగో, భాగఫలం ఐదు లక్షల పదమూడు వేల రెండువందల ముప్ఫై తొమ్మిది, ఇది రెండోది. వీళ్ళైనా ఎవరికైనా లొంగుతారేమో చూడాలి. నీ దగ్గర ఇంకో చుట్ట కాగితం ఉందా?”

ఆమె భుజం మీది చెయ్యి తీసేసింది. ఆయన పెన్సిలు చెక్కుకుంటూ, ఎంతో ఆప్యాయంగా అడిగాడు.

“పెద్దదానితో మొదలుపెట్టమంటావా, చిన్నదానితోనా?”