సర్వేయరు ఎడమకన్ను

కంభంలో ఎమ్మార్వో ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో, పట్టపగలు పదకొండు గంటలకు, అక్కడ కాపీలు తీసే అరుణకుమారికి ఒకాయన కన్ను కొట్టాడు.

కొత్తగా వచ్చిన సర్వేయరు. పేరు నరేంద్ర. బైకు దిగి, నల్లకళ్లజోడు తీసి, పొలం పటాల కట్ట బల్ల మీద పెట్టాడు. చెవులూ గడ్డమూ కప్పుతూ మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు. "రెండేసి కాపీలు," అని ఎడమకన్ను మూసి తెరిచాడు.

అరుణకుమారికి ఒళ్లు మండింది. గట్టిగా నాలుగు తిట్టబోయింది. ఇంతలో మళ్లీ కొట్టాడు. ముఖంలో కాస్తయినా వెకిలితనం లేకుండా, అంత నిబ్బరంగా కన్ను కొట్టే మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు. తిట్లు నోట్లోనే ఉండిపోయాయి.

మర్నాడు అదే వేళకు వచ్చాడు. అదే కన్ను. నవ్వితే పెదవి ఒక కొసే కదిలింది, మిగతా సగం ఎవరికో దాచిపెట్టినట్టు. మాటలు కొంచెం తడబడ్డాయి. 'నన్ను చూస్తేనే ఇట్ల అవుతాంది పాపం,' అనుకుంది. మూడోరోజు అతని కుడికంట నీళ్లు జారాయి. రుమాలుతో తుడుచుకున్నాడు. ఆ పూట అరుణకుమారి క్యారేజీ విప్పనేలేదు.

వారం తిరిగేసరికి ఆమె కూడా కొట్టింది. అందుకోసం ఇంట్లో అద్దం ముందు రెండు రోజులు కష్టపడింది. ఒక కన్ను మూస్తే రెండోది కూడా మూతపడేది. చివరికి పట్టు చిక్కింది.

నరేంద్ర పటాలు వదిలేసి ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు ఎంత మెత్తగా ఉందో!

ఇక రోజూ అతను ఒకటి కొడితే ఈమె రెండు. ఒకరి ఆధారు కార్డు వెనక ఇంకొకరి రేషన్ కార్డు అచ్చవుతోంది. అయినా అరుణకుమారికి కాళ్లు నేల మీద ఆనడం లేదు.

అప్పుడే వాళ్ల నాయన రంగయ్య గిద్దలూరు సంబంధం తెచ్చాడు. పిల్లవాడికి సొంతంగా బోరు లారీ ఉంది.

"నాకొద్దు నాయనా. నా మనసులో ఒకాయన ఉన్నాడు."

"ఏమన్నాడు నీతో?"

"ఏమీ అనలేదు. కన్ను కొట్టినాడు."

రంగయ్య తువ్వాలు దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు. "ఎన్నాళ్ల నుంచి?"

"నెల కావస్తాంది. సెలవులు తప్ప రోజూ."

"ఒక్కరోజన్నా మానలేదా?"

"మానలేదు."

"అయితే నిలకడైన మనిషే," అన్నాడు రంగయ్య. గిద్దలూరు వాళ్లకు ఫోను చేసి రావద్దని చెప్పేశాడు.

సోమవారం నరేంద్ర మఫ్లరు లేకుండా వచ్చాడు. నున్నగా గడ్డం గీసుకున్నాడు. నిండుగా నవ్వాడు. కానీ కన్ను కొట్టలేదు.

అరుణకుమారి ఆగలేకపోయింది. తనే కొట్టింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

అతను బల్ల దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "మేడమ్, మీతో ఒక మాట చెప్పాలని ఎన్నాళ్ల నుంచో చూస్తాండా."

"చెప్పు," అంది ఆమె, బల్ల అంచు గట్టిగా పట్టుకుని.

"నాకు ముఖంలో నరం దెబ్బతిని కుడికంటి రెప్ప మూతపడక అవస్థపడితే మార్కాపురం డాక్టరు నెలలో నయం చేసినాడు గానీ, మీకు మాత్రం ఈ రోగం రోజురోజుకీ ముదురుతాంది, రేపు నా బండెక్కండి, నేనే తీసుకుపోతా."