నాలుగింటి పరుగు

చెక్‌పోస్టు ఎత్తేసి అక్కడ కాఫీ హోటలు పెట్టాక, ఆ సరిహద్దు ఊళ్ళో పాత స్మగ్లరుకీ, రిటైరైన కస్టమ్స్ ఇన్‌స్పెక్టరుకీ ఒకేచోట ఉద్యోగం దొరికింది. రోజూ నాలుగింటికి టూరిస్టుల ముందు మూట భుజాన వేసుకుని స్మగ్లరు పరిగెత్తాలి. విజిలేసుకుంటూ ఇన్‌స్పెక్టరు తరమాలి. పాతరోజుల్లో లాగే మనిషి దొరక్కుండా పోవాలి. అదయ్యాక తన కాళ్ళ సత్తా గురించి స్మగ్లరు పావుగంట కోతలు కోస్తాడు.

ఈరోజు ఇన్‌స్పెక్టరు పట్టేసుకున్నాడు.

టూరిస్టులు చప్పట్లు కొట్టారు. కాలరు పట్టుకున్నాక ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలీదు, ఆటలో ఆ ముక్క ఎవరూ రాయలేదు. స్మగ్లరుకి తల కొట్టేసినట్టయింది.

"ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా దొరకలేదని బోర్డు మీద నా ఫోటో కింద రాశారు. ఇప్పుడు నలుగురిలో నా పరువేం కాను బావా?"

"కావాలని పట్టుకున్నానా?" ఇన్‌స్పెక్టరు కాలరు వదిలి, అతని చొక్కాకంటిన దుమ్ము దులిపాడు. "చెల్లెలి మొగుడివని ముప్ఫై ఏళ్ళూ ఎలాగోలా నీకన్నా నెమ్మదిగా పరిగెత్తాను. ఆ మోకాళ్ళతో ఇప్పుడు నువ్వు పరిగెత్తే పరుక్కి వెనకపడాలంటే, నేను కుర్చీ వేసుక్కూర్చోవాలి."