తొమ్మిది గాట్లు

"ఎవరు చేశారిది?" హార్లన్ అరుపుకు గరాజు రేకు తలుపు అదిరింది.

కూతురు డెలిలా చేతిలోని గరుకు కాగితం కింద పెట్టింది. "నేనే నాన్నా."

ఆయన చేతిలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రష్యా తుపాకి ఉంది. భుజానికి ఆనించే దాని చెక్క మడమ కొత్త కుర్చీ కాలులా నున్నగా మెరుస్తోంది.

"తొంభై డాలర్లకు కొన్నానే దీన్ని! ఇవాళ మోంటానాలో ఏ తుపాకుల సంతకు పోయినా పన్నెండు వందలు పలికేది, మడమ మీద ఆ తొమ్మిది గాట్లు ఉండబట్టి. ఇప్పుడు సగానికి కూడా ఎవడూ అడగడు. బుద్ధుందా నీకు?"

"వచ్చిన ప్రతివాడి చేతా ఆ గాట్లు తడిమించి, ఒక్కో గాటూ ఒక్కో ప్రాణం అని మురిసిపోతావు. ఇక నావల్ల కాదు."

"ఎవరో సైనికుడు చెక్కుకున్నాడు. చరిత్రే అది! సైన్యంలో పనిచేసిందానివి, నీకు తెలీదూ?"

"తెలుసు కాబట్టే గీకేశాను!" ఆమె కూడా అరిచింది. "ఇరాక్ నుంచి వచ్చి పదిహేనేళ్లయింది. అక్కడేం జరిగిందే అని ఒక్కసారైనా అడిగావా? ఈ కర్రముక్క కథ మాత్రం ఊరంతా చెప్తావు."

హార్లన్ కోపంగానే నోరు తెరిచాడు. 'ఎంతమందిని చంపావు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. సంతలో తుపాకి కొనేవాళ్లు మొదట అడిగేదీ అదే. సిగ్గుతో ఆ మాటను మింగేశాడు.

తుపాకిని మూలకు ఆనించి, స్టూలు ఆమె ముందుకు లాక్కున్నాడు.

"చెప్పమ్మా," అన్నాడు. "ఎక్కణ్ణుంచైనా సరే."

"మధ్యలో మాట్లాడకూడదు."

"మాట్లాడను."