తుమ్మితే ఎగిరిపోయే పురుగు

"తుమ్మకండి!"

పురుగుల సారు అరుపుకు గుమ్మంలో నిలబడ్డ పెద్దావిడ ఉలిక్కిపడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంది.

బల్లమీద, కాగితపు మొనకు జిగురుతో అంటించిన ఎండు పచ్చదోమ. బియ్యపుగింజలో సగం కూడా ఉండదు.

ఏళ్ల తరబడి ఈ ల్యాబ్ స్టోర్‌రూమ్ పెట్టెలో దిక్కూమొక్కూ లేకుండా పడి ఉన్న ఆ పురుగు, లోకానికి తెలియని కొత్త జాతి అని తేల్చింది సారే. మొన్ననే అచ్చులో వచ్చింది. ఇప్పుడిక దాన్ని పెద్ద మ్యూజియానికి పంపేయాలి. కింద వ్యాన్ ఆగి ఉంది.

"తుమ్మితే ఊడే ముక్కు అని విన్నాం గానీ, తుమ్మితే ఎగిరిపోయే పురుగా బాబూ మీది?" నవ్విందావిడ.

సారుకు నవ్వు రాలేదు. "ఎవరు కావాలమ్మా?"

"ఆ పురుగే. పేపర్లో చదివి వచ్చాను. ఒక్కసారి మైక్రోస్కోపులో చూసి వెళ్లిపోతాను."

"ఇదేమన్నా సర్కసా, చూసి పోవడానికి?"

"అక్కడికెళ్తే బీరువాలో పెట్టి తాళం వేసేస్తారుగా. నాకు ఒక కన్ను ఎటూ పోయింది. రెండోదీ మసకబారుతోంది. అందుకే ఈ తొందర."

"కళ్లే కనపడనప్పుడు పురుగులెందుకమ్మా మీకు? జలుబుతో వచ్చి దీన్ని కాస్తా ఊదేస్తే, దీన్ని పట్టిన మహానుభావుడి ఆత్మ ఘోషిస్తుంది. పెట్టెమీద ఇంటిపేరూ, పొడి అక్షరాలూ తప్ప ఏమీ లేవు. ఫొటో కూడా దొరకలేదు. పాపం, ఎప్పుడు పోయాడో ఏమో! ఆయన జ్ఞాపకార్థమే దీనికి పేరు పెట్టాను."

ఆవిడ ఏదో చెప్పబోయింది. తుమ్ము ముంచుకొచ్చింది. పురుగుకు దూరంగా వరండాలోకి పరుగెత్తింది.

సారు చటుక్కున లేచి తలుపు గడియ పెట్టేశాడు.

బయటినుంచి మెల్లగా తట్టిన చప్పుడు. మళ్లీ ఒకసారి.

తీయలేదు.

పురుగుతో వ్యాన్ వెళ్లిపోయాక, పెళ్లి చేసి పంపిన తండ్రిలా ఊపిరి పీల్చుకుని గేటు దగ్గరికి వచ్చాడు.

"ఆ పెద్దావిణ్ణి ఏమన్నారు సార్?" అడిగాడు వాచ్‌మన్.

"ఏం, ఏడ్చిందా?"

"లేదండీ. వ్యాన్ కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపుతూ నిలబడ్డారు. ఒకప్పుడు ఇక్కడే పనిచేశారట. మీరు కూర్చునే గదిలోనే."

తను వేసిన గడియ, వినీ విననట్టు ఊరుకున్న ఆ చప్పుడు గుర్తొచ్చి సారు సిగ్గుతో చచ్చిపోయాడు. రోడ్డు మీదికి పరుగెత్తి అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు.

"ఆ ముక్క నాతో చెప్పొచ్చు కదయ్యా ఆవిడ!"

"చెప్పమన్నారు సార్," అన్నాడు వాచ్‌మన్ తల గోక్కుంటూ. "నాకేం అర్థం కాలేదు గానీ, 'మీ సారుకు కోపం తగ్గాక చెప్పు నాయనా, నా పేరు పెట్టినందుకు సంతోషం, కానీ నేనింకా పోలేదు, మగవాణ్ణి అసలే కాదు' అన్నారండీ."